ఏ పాపం చేశామని?

నగరంలో ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రి ముందైనా ఒక గంట నిలబడితే ఒక మాట రెండు మూడుసార్లయినా చెవిన పడుతుంది: ‘ఏ పాపం చేశానో!’ డయాలసిస్ వార్డు బయట సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి అంటుంది. స్కానింగ్ రిపోర్టు పట్టుకుని మెట్లు దిగుతున్న కొడుకు అంటాడు. ‘ఎవరి ఉసురు తగిలిందో’ అని పక్కనున్నవాళ్లు అందుకుంటారు. ఈ మాటకు మతం లేదు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, సంచీలో బైబిలు పెట్టుకుని వచ్చినవాళ్లు, అందరి నోటా అదే. కష్టం వచ్చిందంటే దాని వెనక ఎక్కడో ఒక తప్పు ఉండి తీరాలన్న నమ్మకం మన మాటల్లోనే ఇంకిపోయింది.

కష్టాన్ని క్రైస్తవ విశ్వాసం ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం సరిగ్గా ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది మరి. దారిలో ఒక పుట్టుగుడ్డివాడు కనిపిస్తాడు. అతణ్ని శిష్యులు పలకరించినట్టు ఎక్కడా లేదు. వాళ్లు గురువు వైపు తిరిగి, ఇతను గుడ్డివాడిగా పుట్టడానికి పాపం చేసిందెవరు, ఇతనా, ఇతని కన్నవాళ్లా అని అడుగుతారు. ఇతనూ చేయలేదు, కన్నవాళ్లూ చేయలేదు, దేవుని క్రియలు ఇతనిలో వెల్లడి కావడానికే అంటాడు యేసు.

తెలుగులో ‘ఎందుకు’ అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ‘అన్నం ఎందుకు మాడింది?’ అని అడిగితే అది ఎందువల్ల అని. ‘ఇంత అన్నం ఎందుకు వండావు?’ అని అడిగితే అది ఎందుకోసం, ఎవరి కోసం అని. మొదటి ప్రశ్న జరిగిపోయినదాన్ని తవ్వుతుంది. రెండోది జరగాల్సినదాని వైపు చూస్తుంది. శిష్యులు అడిగింది మొదటిది, యేసు జవాబు చెప్పింది రెండోదానికి. ఆ జవాబు కూడా ఒకటి రెండు మాటల్లో ముగిసిపోతుంది. వెంటనే నేల మీద ఉమ్మి, ఆ మట్టిని తడిపి బురద చేసి, గుడ్డివాడి కళ్లకు పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కొమ్మంటాడు. పాపం లెక్కలు అడిగినవాళ్లకు చేతికంటిన బురదే జవాబు.

ఇక్కడ మనసున్న పాఠకుడికి ఒక అభ్యంతరం రావాలి, రాకపోతేనే తప్పు. దేవుడు తన మహిమ చూపించుకోవడానికి ఒక మనిషిని ఇన్నేళ్లు చీకట్లో ఉంచాడా? వ్యాఖ్యాతలు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. పాత గ్రీకు ప్రతుల్లో ఇప్పటిలా విరామ చిహ్నాలు ఉండేవి కావు. అందుకని కొందరు ఆ వాక్యాన్ని తర్వాతి వాక్యంతో కలిపి చదువుతారు: ఇతనూ పాపం చేయలేదు, కన్నవాళ్లూ చేయలేదు, అయితే దేవుని క్రియలు ఇతనిలో వెల్లడి కావాలంటే, పగలున్నంతలోనే మనం పని చేయాలి. ఇలా చదివితే గుడ్డితనానికి కారణం చెప్పడమే ఉండదు, గుడ్డివాడి ముందు నిలబడ్డవాళ్లకు అప్పగించిన పని మాత్రం ఉంటుంది. ఏ పాఠం సరైనదన్న వాదన పండితులది. ఎలా చదివినా, కష్టంలో ఉన్నవాడి మీద నేరం మోపే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఆ దారిని యేసు ఇంకోచోట మరింత గట్టిగా మూశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, యెరూషలేములో ఉన్న అందరికన్నా వాళ్లే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడుగుతాడు (లూకా 13). కాదని తనే చెబుతాడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ మాట అర్థం కావడానికి దూరం వెళ్లక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కినవాళ్లు 150 మందికి పైగా బతికారు. కొమ్మ దొరికినవాళ్లంతా పుణ్యాత్ములనీ, దొరకనివాళ్లంతా పాపులనీ ఆ చెట్టు కింద నిలబడి అనగలిగినవాళ్లెవరైనా ఉంటారా? కానీ మన ఇళ్లలో, మన ప్రార్థన కూడికల్లో, ఇంచుమించు అదే మాట ఇంకోలా వినపడుతూనే ఉంటుంది. ‘విశ్వాసం చాలలేదేమో.’ ‘దేవుడికి ఇవ్వాల్సిన దశమభాగం సరిగ్గా ఇస్తున్నారా?’ ‘ఇంట్లో ఏదో రహస్య పాపం ఉండి ఉంటుంది.’ అప్పుల్లో మునిగి, గిరిగిరి వడ్డీ వాళ్లు గుమ్మం ముందు కూర్చుంటే లోపల కిటికీ వేసుకుని బతుకుతున్న ఇంట్లో ఈ మాటలు అంటే ఎలా ఉంటుందో అన్నవాళ్లకు తెలియదు.

వాళ్లకన్నా ముందు బైబిల్లోని యోబు స్నేహితులు ఈ పని చేశారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. బిడ్డలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న స్నేహితుణ్ని చూడటానికి ముగ్గురూ వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక, తప్పు చేయనివాణ్ని దేవుడు శిక్షించడు గనక నువ్వేదో తప్పు చేసే ఉంటావని అధ్యాయాలకు అధ్యాయాలు నిరూపించబోయారు. వాళ్ల మాటల్లో భక్తికి లోటు లేదు, దేవుణ్ని వెనకేసుకొచ్చారు కూడా. యోబేమో అరిచాడు, పుట్టిన రోజును తిట్టుకున్నాడు, దేవుణ్నే వ్యాజ్యానికి పిలిచాడు. 42వ అధ్యాయంలో తీర్పు వస్తుంది. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని దేవుడు ఆ ముగ్గురి మీద కోపగిస్తాడు. తన తరఫున వాదించినవాళ్ల మీద కోపం, తనతో పోట్లాడినవాడి పక్షం. బాధలో ఉన్న మనిషికి బైబిలు ఇచ్చిన చోటు అది.

విశ్వాసం చాలకే రోగం తగ్గలేదనేవాళ్లు, తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు సంగతి ఒకసారి చూడాలి. శరీరంలో ఒక ముల్లు, అదేమిటో ఆయన చెప్పలేదు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. ఇంకా దగ్గరిది కావాలంటే మన నగరంలోనే ఉంది. గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థన మందిరం నుంచి దేశమంతా తిరిగి బోధించిన బక్త్ సింగ్ చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధితో మంచాన పడ్డారు. 2000 సెప్టెంబరు 17న కన్నుమూశారు. ఎందరో తమ కోసం ప్రార్థన చేయమని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ మనిషికి విశ్వాసం చాలలేదని ఎవరంటారు?

కాబట్టి కష్టానికి కారణం ఇదీ అని తేల్చి చెప్పడం విశ్వాసం పని కాదు. మరి ఉద్దేశం సంగతేమిటి? అది మాత్రం తేలిగ్గా చెప్పేయొచ్చా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలా సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కరూ వెళ్లి ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద ఆ ఏడాదికి ఒక వచనం. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీదో, పర్సులోనో, బైకు ట్యాంకు కవర్లోనో పెట్టుకుంటారు. వాటిలో అందరూ కోరుకునే వచనం యిర్మీయా 29:11. దేవుడు మనల్ని గురించి ఉద్దేశించినవి ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న మాట. కార్డు మీద 11వ వచనం ఒక్కటే ఉంటుంది. పదో వచనం ఉండదు. బబులోను చెరలో 70 ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానని పదో వచనం అంటుంది. ఈ మాటలు బబులోనుకు బందీలుగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోవి. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే అక్కడే మట్టిలో కలిసిపోయే లెక్క అది. దానికి పైన ఇంకో మాట: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరు చెరలో ఉన్న పట్టణం క్షేమం కోరండి. అంటే ఆ ఉద్దేశం తొందరపడి వచ్చేది కాదు. అది వచ్చేలోపు బతుకు ఆపుకోవద్దని కూడా చెబుతోంది. ఏడాది చివరికి కార్డు నిజం కాలేదని కుంగిపోయేవాళ్లకు ఆ పదో వచనం చదివి వినిపించడం చాలా అవసరం. దయతో చేయాల్సిన పని అది.

రోమా 8:28కీ ఇదే గతి పట్టింది. ‘సమస్తమును సమకూడి’ మేలు కోసం జరుగుతున్నాయన్న మాట ప్రతి ఓదార్పులోనూ వస్తుంది. మేలు అనగానే మనకు పోయిన ఉద్యోగం కన్నా పెద్ద ఉద్యోగం, తప్పిపోయిన సంబంధం కన్నా మంచి సంబంధం గుర్తుకొస్తాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం పోయినవాడికి అందరూ చెప్పేది ఇదే. కానీ పౌలు ఆ మేలు ఏమిటో పక్క వచనంలోనే చెప్పాడు: తన కుమారునితో సారూప్యం పొందడం. క్రీస్తులా తయారవడమే ఆ మేలు. అది జీతం పెరగడం కన్నా పెద్దదే కావచ్చు, కానీ జీతం పెరగడం మాత్రం కాదు.

ఇక్కడ మన తెలుగు బైబిలు మాటలు ఒక్కసారి ఆగి చూడదగ్గవి. కష్టాన్ని అది ‘శ్రమ’ అంటుంది. బయట శ్రమ అంటే ఒళ్లు వంచి చేసే పని. గ్రీకులో ఉన్న మాటకు నలగడం, నొక్కుకుపోవడం అని అర్థం. ఆశ అనాల్సిన చోట ‘నిరీక్షణ’ అంటుంది. బయట నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్టాపులో చేసేది, ఓపీ చీటీ పట్టుకుని చేసేది. అనువాదకులు ఆ మాటను ఎందుకు ఎంచుకున్నారోగానీ, దాని వల్ల తెలుగు క్రైస్తవుడికి ఆశ అంటే గాల్లో మేడలు కాకుండా, తెల్లవారుజామున లైన్లో నిలబడినవాడి ఓపిక అయింది. రోమా ఐదో అధ్యాయంలో శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలిగిస్తుందని పౌలు వరస కడతాడు. ఆ ‘పరీక్ష’ హాల్ టికెట్ పరీక్ష కాదు, కంసాలి పుటం పెట్టాక తేలే నిగ్గు. ఆ వరసలో శ్రమ నుంచి నేరుగా నిరీక్షణకు దూకడం లేదు. మధ్యలో రెండు మెట్లున్నాయి, రెండూ నిదానంగా ఎక్కాల్సినవే. ఓదార్చడానికి వచ్చినవాళ్లు చాలాసార్లు ఆ రెండూ దాటించి అవతలివాణ్ని ఒక్కసారిగా పైమెట్టు మీద నిలబెట్టాలని చూస్తారు.

సంఘాల్లో సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. 2021 వేసవిలో, ఆక్సిజన్ సిలిండర్ల కోసం నగరమంతా పరుగులు పెట్టిన ఆ రోజులు దాటాక, ఎంతోమంది మైకు ముందుకు వచ్చి దేవుడు నన్ను కాపాడాడని ఏడుస్తూ చెప్పారు. ఆ కృతజ్ఞత నిజమైనది, దాన్ని తక్కువ చేయడానికి లేదు. అయితే అదే వరసలో, రెండు కుర్చీల అవతల, అదే వారంలో భర్తను పోగొట్టుకున్న మనిషి కూర్చుని ఉంది. ఆమె కూడా ఉపవాసముండి ప్రార్థించింది. ఆమె చెప్పాల్సినదానికి మైకు ఎప్పుడిస్తారు? కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు మొరలు, విలాపాలే. ‘ఎంతవరకు’ అని దేవుణ్ని నిలదీసే కీర్తనలున్నాయి. 88వ కీర్తన అయితే ఓదార్పు లేకుండానే ముగుస్తుంది. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్నది దాని చివరి మాట. ఆ మాట రాసినవాణ్ని బైబిలు నుంచి తీసేయలేదు, చివర్లో ఒక స్తుతి అతికించి సర్దనూ లేదు. సిలువ మీద యేసు నోట వచ్చింది కూడా ఒక విలాప కీర్తన మొదటి మాటే: నన్నెందుకు విడనాడావు. దేవుని కుమారుడే ‘ఎందుకు’ అని అడిగాడంటే, ఆ ప్రశ్న అడగడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

సిలువ అన్న మాట వచ్చింది గనక ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. తాగొచ్చి కొట్టే భర్తతో వేగలేక వచ్చిన ఆడపడుచుకు ‘అది నీ సిలువమ్మా, మోయాలి’ అని చెప్పి వెనక్కి పంపేవాళ్లున్నారు. ఇది విశ్వాసం పేరుతో జరిగే అన్యాయం. యేసు తన సిలువను తానే ఎత్తుకున్నాడు, ఇతరుల కోసం ఎత్తుకున్నాడు. ఒకరి మీద ఇంకొకరు మోపే దెబ్బలు సిలువ కావు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఇటుకలు చేస్తున్న బానిసల మొర విన్నప్పుడు దేవుడు వాళ్లకు ఓర్పు గురించి బోధించలేదు, వాళ్లను బయటికి తీసుకురావడానికి మోషేను పంపాడు. తప్పించుకోగల కష్టాన్ని తప్పించుకోవాలి, ఆపగల అన్యాయాన్ని ఆపాలి, మందు ఉన్న రోగానికి మందు వేసుకోవాలి. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. ప్రార్థన చేయించుకున్నాం గదా అని బీపీ మాత్రలు మానేయమనేవాళ్లు ఎవరి పేరున ఆ మాట అంటున్నారో ఆలోచించుకోవాలి.

మిగిలేది తప్పించుకోలేని కష్టం. చావు, తగ్గని జబ్బు, తిరిగిరాని మనిషి. దాని దగ్గరే ‘ఎందుకోసం’ అన్న ప్రశ్న నిజంగా మొదలవుతుంది.

ఆదికాండంలోని యోసేపు కథలో దానికి ఒక జవాబుంది. అన్నలు గుంటలో పడేశారు, అమ్మేశారు. చేయని నేరానికి చెరసాల. ఎన్నో ఏళ్ల తర్వాత, కరవులో తను తిండి పెట్టి కాపాడిన ఆ అన్నలే, తండ్రి పోయాక భయపడి తన ముందు సాగిలపడితే, వాళ్లతో అతను అంటాడు: మీరు నాకు కీడు తలపెట్టారు, దేవుడు దాన్నే మేలుకు ఉద్దేశించాడు, చాలామంది ప్రాణాలు నిలపడానికి. ఈ మాటను అందరూ ఎత్తి చెబుతారు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు అన్నది మాత్రం వదిలేస్తారు. అన్నది యోసేపు. గుంటలోంచి కాదు, దాటి వచ్చాక. అతను గుంటలో ఉండి కేకలు వేస్తున్నప్పుడు ఎవరైనా అంచున నిలబడి లోపలికి వంగి ‘దేవుడికి ఒక ఉద్దేశం ఉందిలే’ అని ఉంటే అది క్రూరత్వమయ్యేది. అప్పుడు కావాల్సింది తాడు. అదే మాట యోసేపు నోట వచ్చేసరికి సాక్ష్యమైంది. పైగా కీడును అతను కీడనే అన్నాడు, దానికి మంచి పేరు పెట్టలేదు.

మెదక్ చర్చి చూసినప్పుడు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు, క్రిస్మస్ నాడు కిక్కిరిసే జనం. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టి దాన్ని కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఇంత చర్చి లేవడానికే కరవు వచ్చిందని ఎవరైనా అంటే నోరు మూయించాలి. పిల్లలు ఆకలితో చచ్చిపోయిన ఊళ్లలో ఆ మాట అనకూడదు. కరవు ఎందువల్ల వచ్చిందన్నది వేరు: వానలు, యుద్ధం, ధరలు. వచ్చిన కరవులో ఎవరు ఎవరి కోసం ఏం చేశారన్నది వేరు. రాళ్లు మోసిన కూలీలు పొయ్యి వెలిగించుకున్నారు, ఆ గింజలు తిని పెరిగిన పిల్లల మనవలు ఇప్పుడు క్రిస్మస్‌కు వస్తారు. ఉద్దేశం కరవులో దాక్కుని లేదు. కరవు మధ్యలో మనుషులు చేసిన పనిలో ఉంది.

రెండో కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ఇదే చెబుతాడు. దేవుడు మనల్ని ఏ ఆదరణతో ఆదరించాడో, అదే ఆదరణతో శ్రమల్లో ఉన్న ఇంకొకరిని మనం ఆదరించగలిగేలా. బైబిలంతటిలో కష్టానికి ఇంత సూటిగా, ఇంత చిన్నదిగా ‘ఎందుకోసం’ చెప్పిన చోటు ఇంకోటి కనపడదు. ఆ గ్రీకు మాటకు పక్కన ఉండటానికి పిలవడమని మూలార్థం. పరిశుద్ధాత్మను తెలుగు బైబిలు ‘ఆదరణకర్త’ అన్నది కూడా ఆ మాట నుంచే. చనిపోయినవాళ్ల ఇంట్లో జరిగేదాన్ని మన సంఘాలు ‘ఆదరణ కూడిక’ అంటాయి.

సికింద్రాబాద్ బస్తీల్లో ఆ కూడిక ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. సందులో షామియానా, అద్దెకు తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీలు చాలక గోడ వారన చాపలు. లోపలి గదిలో ఫోటో, దాని పక్కన నీళ్ల క్యాన్. కీబోర్డు మీద పాట, పాస్టరుగారి వాక్యం, ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి చేయి పట్టుకుని చెప్పే మాటలు. దేవుడికి ఇష్టమైనవాళ్లను ముందుగా తీసుకుపోతాడమ్మా అని ఒకరు. నీకంటే కష్టంలో ఉన్నవాళ్లు లేరా అని ఇంకొకరు. ఆమె తలూపుతూ ఉంటుంది. ఒక్క మాటా లోపలికి పోవడం లేదని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

అందరూ భోంచేసి వెళ్లాక కూడా ఒకావిడ వెళ్లదు. ఆవిడ మైకు పట్టుకోలేదు, వచనం చెప్పలేదు. గిన్నెలు కడిగి బోర్లించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆరేళ్ల కింద ఆవిడ భర్త పోయినప్పుడు ఏ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో, ఏ కాగితం లేదని ఎవరు వెనక్కి పంపారో ఒక్కటీ మర్చిపోలేదు.

‘డెత్ సర్టిఫికెట్ తీసినవా బిడ్డా?’ అని అడుగుతుంది. ‘ఒకటి సాలదు. ఐదారు కాపీలు తీసుకో. బ్యాంకుల ఒకటి అడుగుతరు, పింఛనుకు ఒకటి అడుగుతరు. ఆధార్ కార్డు మీద పేరు, సర్టిఫికెట్ల పేరు ఒక్కటే ఉందో లేదో సూసుకో. సోమారం పొద్దుగాల నేనొస్త, ఇద్దరం మీసేవకు పోదాం. ఈ రాత్రికి నేనీడనే పంట.’

పొద్దుటి నుంచి తలూపుతూనే ఉన్న ఆమె అప్పుడు లేచి, బీరువా తీసి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చి ఆవిడ ముందు చాప మీద పోస్తుంది. ఇద్దరూ లైటు కిందికి జరిగి ఒక్కొక్కటీ విప్పి చూడటం మొదలుపెడతారు.